పరగడుపు షుగర్‌కు కంచాన్ని తిట్టకండి

షుగర్ టెస్టు కాగితం చేతికి రాగానే మన ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న "రాత్రి ఏం తిన్నవ్?" అనేదే. ఈ ప్రశ్న మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. తిన్న రెండు గంటలకు తీసిన రక్తం గురించి అడిగితే అర్థం ఉంది. ఎనిమిది, పది గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టని మనిషి రక్తంలో పొద్దున కనిపించే చక్కెరకు రాత్రి కంచాన్ని నిలదీయడం న్యాయం కాదు. ఆ వేళకు రక్తంలోకి చక్కెరను వదులుతున్నది కాలేయం. ఆ కాలేయమైనా అంతటా ఒకే తీరుగా ఉండదు. చక్కెర తయారీలో ముందుండే వైపు ఒకటి, చక్కెరను విరగ్గొట్టడంలో ముందుండే వైపు ఇంకొకటి అందులో ఉన్నాయి. ఈ రెండు వైపుల సంగతి తెలియకపోతే షుగర్ జబ్బు సగమే అర్థమవుతుంది. నేను నల్లగొండలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. మన పాఠాల్లో ఈ సంగతికి చోటు లేకపోవడం చిన్న లోటు కాదని గట్టిగా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మా మేనమామది మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం. ఆయనకు ఫాస్టింగ్ షుగర్ 168 వచ్చిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. "అల్లుడా, రాత్రి ఒక్క జొన్న రొట్టె, ఇంత పుంటికూర పప్పు తిన్న. అన్నం ముట్టనే లేదు. పొద్దుగాల ఈ షుగర్ యాడికెళ్లి వచ్చింది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయన కొడుకు అందుకున్నాడు. "ఎవరికీ తెల్వకుంట బెల్లం నోట్లో ఏసుకొని ఉంటవ్ బాపూ." డెబ్బై ఏళ్ల మనిషి, ఊరంతా మాట గౌరవించే మనిషి, దొంగతనం అంటగట్టినట్టు తల దించుకున్నాడు. ఆయన అడిగింది సైన్సు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఉంది. జవాబు చెప్పకుండా అనుమానించడం మనకు అలవాటైపోయింది.

జవాబు లెక్కలతో మొదలుపెడతాను. పెద్ద మనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ మామూలుగా ఉన్నప్పుడు ఆ రక్తం మొత్తంలో కరిగి ఉండే గ్లూకోజ్ నాలుగైదు గ్రాములు. అంటే ఒక టీస్పూను. మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ వాడుకుంటుంది. మనం నిద్రపోతున్నా దాని ఖర్చు ఆగదు. మరి రాత్రంతా ఆ టీస్పూను ఖాళీ కాకుండా ఎవరు నింపుతున్నారు? కాలేయం. పరగడుపున ఉన్న మనిషి కాలేయం గంటకు సుమారు ఎనిమిది గ్రాముల గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. మూత్రపిండాలు కూడా కొంత చేయి వేస్తాయి గానీ ప్రధాన భారం కాలేయానిదే. మొదట అది తన దగ్గర దాచుకున్న గ్లైకోజెన్‌ను, అంటే గొలుసులుగా కట్టిపెట్టిన గ్లూకోజ్‌ను, విప్పుతుంది. ఆ నిల్వ దాదాపు 100 గ్రాములు. అది తరిగేకొద్దీ లాక్టేట్, అమైనో ఆమ్లాలు, గ్లిసరాల్ లాంటి వాటి నుంచి కొత్త గ్లూకోజ్‌ను తయారుచేస్తుంది. తీపి అన్నదే తినని మనిషి ఒంట్లో కూడా ఇది జరుగుతుంది.

ఈ మాట కొత్తది కాదు. 1848లో ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ మాంసం మాత్రమే తిన్న కుక్కల రక్తాన్ని పరీక్షించి, పేగుల నుంచి చక్కెర రాకపోయినా కాలేయం నుంచి బయటికి వచ్చే రక్తంలో చక్కెర ఉందని చూపించాడు. జంతువు శరీరం చక్కెరను తయారుచేయలేదు, అది మొక్కలకే సాధ్యం అని పండితులు నమ్ముతున్న కాలం అది. 1857లో ఆయనే కాలేయం నుంచి గ్లైకోజెన్‌ను వేరుచేశాడు. నూట డెబ్బై ఏళ్లు దాటినా మా మామ ఇంట్లో బెల్లం డబ్బా మీదే అనుమానం. బెర్నార్డ్ చెప్పింది మన ఊళ్లకు చేరలేదంటే తప్పు ఊళ్లది కాదు. పాఠాలు చెప్పే మాది.

ఇప్పుడు అసలు చిక్కు. కాలేయం చక్కెరను తయారుచేస్తుంది అన్నాం. అదే కాలేయం భోజనం తర్వాత చక్కెరను లోపలికి గుంజుకుంటుంది, విరగ్గొడుతుంది, మిగిలితే కొవ్వుగా మారుస్తుంది. లోపలికి వచ్చిన గ్లూకోజ్‌కు ఒక ఫాస్ఫేట్‌ను తగిలించి కణంలోనే కట్టిపడేసే ఎంజైమ్ గ్లూకోకైనేజ్. ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసి గ్లూకోజ్‌ను మళ్లీ రక్తంలోకి పోనిచ్చే ఎంజైమ్ గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్. ఒకటి కట్టేది, ఒకటి విప్పేది. ఈ రెండూ ఒకే కణంలో ఒకే సమయంలో పూర్తి జోరుగా పనిచేస్తే కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం తప్ప ఇంకేమీ జరగదు. కట్టిన ప్రతిసారీ ఒక ఏటీపీ, అంటే కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం, వృథా.

గ్లూకోకైనేజ్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. కండరాల్లో, మెదడులో ఇదే పనిచేసే హెక్సోకైనేజ్ రక్తంలో చక్కెర చాలా తక్కువగా ఉన్నా నిండు వేగంతో పనిచేస్తుంది. గ్లూకోకైనేజ్ అలా కాదు. డెసీలీటరు రక్తంలో గ్లూకోజ్ 145 మిల్లీగ్రాముల దగ్గరికి వస్తే గానీ అది సగం వేగం కూడా అందుకోదు. అందువల్ల పరగడుపున కాలేయం చక్కెర కోసం మెదడుతో పోటీ పడదు, భోజనం తర్వాతే రంగంలోకి దిగుతుంది. ఇంత ఒద్దికగల ఎంజైమ్ ఇంకొకటి నాకు తెలియదు.

గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ విలువ తెలియాలంటే అది లేని పిల్లలను చూడాలి. గియెర్కె వ్యాధి అని ఒక అరుదైన పుట్టు జబ్బు ఉంది. ఆ పిల్లల కాలేయం నిండా గ్లైకోజెన్ ఉంటుంది, బయటికి మాత్రం రాదు. కొన్ని గంటలు తిండి లేకపోతే షుగర్ పడిపోతుంది. రాత్రిళ్లు వాళ్లకు పచ్చి మొక్కజొన్న పిండిని నీళ్లలో కలిపి తాగిస్తారు, అది నెమ్మదిగా అరుగుతూ గ్లూకోజ్ ఇస్తుందని. ఆ పిల్లల కాలేయంలో లోపించినది ఈ ఎంజైమేనని 1952లో గెర్టీ కోరి, కార్ల్ కోరి దంపతులు తేల్చారు. పుట్టుకతో వచ్చే ఒక జీవక్రియ వ్యాధిని ఒక ఎంజైమ్ లోపంతో నేరుగా ముడిపెట్టి చూపిన తొలి సందర్భాల్లో అదొకటి.

సరే, ఎదురెదురు పనులు చేసే ఈ ఎంజైములు ఒకే అవయవంలో ఎలా కాపురం చేస్తున్నాయి? హార్మోన్లు వేళను బట్టి ఒకదాన్ని లేపి ఇంకొకదాన్ని పడుకోబెడతాయి అన్నది పుస్తకాల్లో ఉన్న జవాబు. అది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం చోటుకు సంబంధించింది.

మా ల్యాబ్‌లో కాలేయం స్లైడ్ ఉంది. అది పందిది. పంది కాలేయంలో ఒక్కో లోబ్యూల్ (కాలేయం కట్టుబడిలోని చిన్న గడి) చుట్టూ పీచు కణజాలం ఉంటుంది కాబట్టి ఆరు పలకల ఆకారం చక్కగా కనిపిస్తుంది. మనిషి కాలేయంలో ఆ హద్దులు ఇంత తేటగా ఉండవు, అమరిక మాత్రం అదే. స్లైడ్‌ను తక్కువ పవర్‌లో పెట్టి చూస్తే షట్కోణం నడిమధ్యలో ఒక తెల్లని రంధ్రం కనిపిస్తుంది. అది కేంద్ర సిర. మూలల్లో మూడేసి గొట్టాల గుంపులు ఉంటాయి. పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిర, గుండె నుంచి ఆక్సిజన్ రక్తం తెచ్చే హెపాటిక్ ధమని, పైత్యరసం మోసుకుపోయే నాళం. మూలల నుంచి మధ్యకు కణాలు వరుసలు కట్టి ఉంటాయి. వరుసకు వరుసకు మధ్య సన్నని సందులు. వాటినే సైనసాయిడ్లు అంటారు. రక్తం మూలల్లో ప్రవేశించి, ఆ సందుల్లోంచి కణాలను తడుపుకుంటూ మధ్యకు వచ్చి, కేంద్ర సిరలో పడి వెళ్లిపోతుంది. ఈ మొత్తం ప్రయాణం 15 నుంచి 25 కణాల దూరం, అర మిల్లీమీటరు లోపు. స్లైడ్‌లో అన్ని కణాలూ ఒకే గులాబీ రంగు, ఒకే నీలిరంగు కేంద్రకం, ఒకే ఆకారం. ఏ కణాన్ని చూపించినా పిల్లలు "కాలేయ కణం" అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. మామూలు రంగుల్లో తేడా కనపడదు గనక తేడా లేదని అనుకుంటాం.

సాగర్ ఆయకట్టు తెలిసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. తూము దగ్గరి పొలానికి నీళ్లు ముందు వస్తాయి, నిండుగా వస్తాయి. చివరి ఆయకట్టుకు పైవాళ్లు వాడుకోగా మిగిలినవి వస్తాయి. కాలేయంలోనూ మూలల దగ్గరి కణాలకు నిండు ఆక్సిజన్ రక్తం అందుతుంది. అక్కడ ఆక్సిజన్ పీడనం 60, 65 పాదరస మిల్లీమీటర్లు ఉంటే, కేంద్ర సిర దగ్గరికి వచ్చేసరికి 30, 35కి దిగుతుంది. హార్మోన్లు కూడా దారిలో కొంత కొంత తగ్గిపోతాయి. అయితే పోలిక ఇక్కడితో ఆపాలి. చివరి ఆయకట్టు రైతుకు నీళ్లు తగ్గితే నష్టమే. కాలేయంలో చివరి కణం నష్టపోయిన కణం కాదు. దానికి వచ్చే రక్తానికి తగిన వేరే పనితనం దానికి ఉంది.

మూలల దగ్గరి కణాల్లో, అంటే జోన్ 1లో, కొత్త గ్లూకోజ్ తయారుచేసే ఎంజైములు ఎక్కువ. పీఈపీసీకే, ఫ్రక్టోజ్ బిస్‌ఫాస్ఫటేజ్, ఇందాక చెప్పిన గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అన్నీ అక్కడ బలంగా ఉంటాయి. కొవ్వు ఆమ్లాలను కాల్చడం, యూరియా తయారీ కూడా అక్కడే ఎక్కువ. కేంద్ర సిర దగ్గర, జోన్ 3లో, గ్లూకోకైనేజ్, పైరువేట్ కైనేజ్ ఎక్కువ. చక్కెరను విరగ్గొట్టడం, దాన్నుంచి కొవ్వు కట్టడం అక్కడి పని. మందులను, విషాలను విరిచే ఎంజైములు కూడా అక్కడే పోగై ఉంటాయి. మధ్యలో జోన్ 2. ఈ మూడు జోన్ల పేర్లు 1954లో ఆరన్ రాపపోర్ట్ కాలేయాన్ని రక్తప్రవాహం లెక్కన విభజించి చూపినప్పటి నుంచి వాడుకలో ఉన్నాయి.

ఈ అమరికలో ఒక చక్కటి లెక్క ఉంది. రెండు లాక్టేట్లను కలిపి ఒక గ్లూకోజ్ కట్టాలంటే ఆరు ఏటీపీలకు సమానమైన శక్తి కావాలి. ఒక గ్లూకోజ్‌ను లాక్టేట్ దాకా విరగ్గొడితే దక్కేది రెండు ఏటీపీలే, దానికి ఆక్సిజన్ కూడా అక్కర్లేదు. ఖర్చున్న పని ఆక్సిజన్ దండిగా ఉన్న చోట, ఆక్సిజన్ అడగని పని అది తగ్గిన చోట. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీ కండరాల్లో తయారయ్యే లాక్టేట్ రక్తంలో కలిసి కాలేయానికి వస్తుంది. మూలల దగ్గరి కణాలు దాన్ని మళ్లీ గ్లూకోజ్‌గా మార్చి పంపిస్తాయి. ఈ చక్రానికి కోరి దంపతుల పేరే ఉంది. 1947లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. కష్టం చేసే మనిషి వెనక ఇంత పెద్ద కార్ఖానా నడుస్తోందని నేను క్లాసులో చెప్తే, ఇంట్లో హమాలీ పని చేసే నాన్నలున్న పిల్లలు వినే తీరే వేరు.

ఇదంతా ఎలా కనిపెట్టారో చెప్పకపోతే పాఠం నమ్మకం మీద నడుస్తుంది. 1970లలో, 80లలో జర్మనీ శాస్త్రవేత్తలు ఈ పనిలో ముందున్నారు. ఎలుక కాలేయాన్ని గడ్డకట్టించి, పల్చటి పొరలుగా కోసి, ఆ పొరలోంచి మూలల దగ్గరి తునకలను, మధ్య దగ్గరి తునకలను సూక్ష్మదర్శిని కింద విడివిడిగా కోసి తీశారు. ఒక్కో తునక బరువు నానోగ్రాముల్లో ఉంటుంది. ఆ కంటికి ఆనని తునకలో ఎంజైమ్ ఎంత జోరుగా పనిచేస్తోందో కొలిచారు. వాళ్లలో కుర్ట్ యుంగర్‌మన్, నార్బెర్ట్ కాట్జ్ ఈ ఫలితాలన్నిటినీ కలిపి, ఒకే కాలేయంలో రెండు రకాల పనితనం ఉన్న కణాలు ఉన్నాయని వాదించారు. తేడాలు ఎంజైమ్‌ను బట్టి సుమారు రెండు, మూడు రెట్లు. అంటే మధ్యలో గోడ లేదు. తయారీ ఎంజైములు మధ్యలోనూ కొంత ఉంటాయి, విరిచే ఎంజైములు మూలల్లోనూ కొంత ఉంటాయి. క్రమంగా దిగే వాలు అది. దీన్ని సున్నా, వంద లెక్కన చెప్పేవాళ్లను నమ్మకండి.

2017లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఎలుక కాలేయంలో ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదివి, ఆ కణం వరుసలో ఎక్కడిదో తేల్చారు. కాలేయ కణాల్లో పనిచేసే జన్యువుల్లో దాదాపు సగం చోటును బట్టి ఎక్కువ తక్కువలవుతున్నాయని తేలింది. కొన్ని నడి వరుసల్లోనే ఎక్కువ. ఇనుమును అదుపు చేసే హెప్సిడిన్ అలాంటిదే. సగం జన్యువులు చోటును బట్టి మారుతుంటే చోటు ఊసెత్తకుండా ఆ అవయవం గురించి ఏం చెప్పగలం?

చోటు తేడాను నిలబెట్టేది ఆక్సిజన్ ఒక్కటే కాదు. కేంద్ర సిర గోడ కణాలు డబ్ల్యూఎన్‌టీ అనే సంకేతాలను పక్క కణాలకు పంపుతాయి. 2006లో పారిస్ పరిశోధకులు ఈ సంకేత వ్యవస్థను ఎలుకల్లో అటూ ఇటూ చేస్తే జోన్ల పనితనమే తారుమారైంది. క్లోమం నుంచి పోర్టల్ సిరలో వచ్చే గ్లూకగాన్ (షుగర్‌ను పెంచే హార్మోన్) మూలల వైపు పనితనాన్ని పెంచుతుంది. ఈ ఎంజైముల్లో కొన్ని తిండిని బట్టి కూడా మారతాయి. ఉపవాసంలో పీఈపీసీకే ఉండే మేర లోపలి వరుసల వైపు జరుగుతుంది, తిన్నాక వెనక్కి తగ్గుతుంది. గ్లూకోకైనేజ్ ఉపవాసంలో సన్నగిల్లి, ఇన్సులిన్ రాగానే పుంజుకుంటుంది. గ్లూటమిన్ తయారుచేసే ఎంజైమ్ మాత్రం కేంద్ర సిర చుట్టూ ఒకటి రెండు వరుసల్లోనే ఉంటుంది, తిన్నా తినకున్నా కదలదు. చక్కెర ఎంజైములది వేళకు తగ్గట్టు సర్దుకునే గుణం. జబ్బులో దెబ్బతినేది ఈ సర్దుబాటే.

మళ్లీ మా మామ దగ్గరికి వస్తాను. ఆయనకు షుగర్‌తో పాటు స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని కూడా రాసిచ్చారు. తాగుడు అలవాటే లేని మనిషి. షుగర్‌కు ఒక ఫైలు, కడుపు డాక్టరుకు ఒక ఫైలు, రెండు సంచులు. రెండు వేర్వేరు జబ్బులు ఒకేసారి వచ్చాయని ఇంట్లో టెన్షన్. నిజానికి ఇక్కడ ఆలోచించదగ్గ ప్రశ్న ఒకటి ఉంది. టైప్ 2 షుగర్‌లో కాలేయం ఇన్సులిన్ మాట వినదు అంటాం. ఇన్సులిన్ మామూలుగా రెండు పనులు చేయిస్తుంది. గ్లూకోజ్ తయారీని ఆపిస్తుంది, కొవ్వు కట్టడాన్ని పెంచుతుంది. మాట నిజంగానే వినకపోతే గ్లూకోజ్ తయారీ ఆగకూడదు, కొవ్వు కట్టడం తగ్గాలి. కానీ రోగుల్లో గ్లూకోజ్ తయారీ ఆగడం లేదు, కొవ్వు కట్టడమూ తగ్గడం లేదు. ఒక మాట వింటోంది, ఒక మాట వినడం లేదు.

చోటు లెక్కలోకి తీసుకుంటే ఈ ముడి కొంత విడుతుంది. ఇన్సులిన్ సందేశాన్ని కణం లోపలికి చేరవేసే రెండు ప్రొటీన్లు ఉన్నాయి, ఐఆర్ఎస్1, ఐఆర్ఎస్2. 2016లో జపాన్ పరిశోధకులు ఎలుకల్లో చూపించింది ఏమిటంటే, లావెక్కిన ఎలుకల్లో ఐఆర్ఎస్2 తగ్గిపోతుంది, అందువల్ల మూలల వైపు గ్లూకోజ్ తయారీకి అడ్డుకట్ట పోతుంది. కేంద్ర సిర వైపు ఎక్కువగా ఉండే ఐఆర్ఎస్1 తగ్గదు, అక్కడ పెరిగిన ఇన్సులిన్ కొవ్వు కట్టిస్తూనే ఉంటుంది. అంటే మాట విననిది ఒక వైపు, వింటున్నది ఇంకో వైపు. పెద్దవాళ్లలో ఫ్యాటీ లివర్ కొవ్వు సాధారణంగా మొదట కనపడేది కూడా కేంద్ర సిర చుట్టూనే. మనుషుల్లో జరిగేదంతా ఇదొక్కటేనని నేను అనను. కొవ్వు కణాల నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు, గ్లూకగాన్ అన్నీ ఇందులో ఉన్నాయి. కానీ ఆ రెండు ఫైళ్లలో ఉన్నది ఒకే అవయవం రెండు చివరల సంగతి అని చెప్పడానికి ఇది చాలు. అది విన్నాక మా మామ అడిగిన మాట "అయితే రెండిటికీ ఒక్కటే దారి ఉంటదా?" అని. ఇంత సూటి ప్రశ్న నేను సెమినార్లలో కూడా తక్కువే విన్నాను.

దారి ఉంది. తిండికీ షుగర్‌కూ సంబంధం లేదని నేను అంటున్నట్టు ఎవరైనా అర్థం చేసుకుంటే అది పొరపాటు. తిండిదే పెద్ద పాత్ర. అయితే అది నిన్న రాత్రి రొట్టెది కాదు. కొన్నేళ్లుగా పోగైన తిండిది. 2011లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి డాక్టర్ల పర్యవేక్షణలో రోజుకు సుమారు 600 కేలరీల తిండి ఇచ్చి చూసింది. వారం తిరిగేసరికి వాళ్ల కాలేయంలో కొవ్వు దాదాపు మూడో వంతు తగ్గింది, ఫాస్టింగ్ షుగర్ మామూలుకు వచ్చింది. కాలేయంలో కొవ్వు తగ్గగానే అది ఇన్సులిన్ మాట వినడం మొదలుపెట్టింది. టాబ్లెట్లు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఇలాంటి ఉపవాసం చేయకూడదు, షుగర్ పడిపోతుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పొద్దున షుగర్ ఎక్కువైనప్పుడు ఇంట్లో అడగాల్సిన ప్రశ్న "రాత్రి ఏం తిన్నవ్?" కాదు. "కొన్నాళ్లుగా నడుము చుట్టుకొలత ఎంత పెరిగింది, కాలేయంలో కొవ్వు ఎంత ఉంది?" అన్నది. మొదటి ప్రశ్న మనిషిని దొంగను చేస్తుంది. రెండో ప్రశ్న చికిత్స వైపు తీసుకుపోతుంది. మెట్‌ఫార్మిన్ టాబ్లెట్ ప్రధానంగా తగ్గించేది కూడా కాలేయం వదిలే గ్లూకోజ్‌నే. అది తిన్న తీపిని కరిగించే గోలీ అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. పండగనాడు రెండు లడ్డూలు తిని ఒక గోలీ ఎక్కువ వేసుకునే అలవాటు ఈ అపోహ నుంచే వచ్చింది.

మన పరీక్షల్లో అడిగే ప్రశ్న ఎప్పుడూ "కాలేయం విధులు రాయండి" అనే. పిల్లలు పది పన్నెండు విధులు వరసగా రాస్తారు. గ్లైకోజెన్ నిల్వ, యూరియా తయారీ, విషాల విరుపు. ఎక్కడ అన్నది ఎవరూ అడగరు. రక్తం ఎటు నుంచి ఎటు పోతుందో ఒక బాణం గుర్తు గీసి, ఆ బాణం మీద ఈ పనులను వాటి వాటి చోట్లలో పెట్టమంటే చాలు, బట్టీ పట్టాల్సిన సగం విషయాలు వాటంతట అవే అర్థమవుతాయి. పారాసిటమాల్ మోతాదు మించితే ముందు దెబ్బతినేది కేంద్ర సిర చుట్టూ ఉన్న కణాలే ఎందుకు? దాన్ని విషంగా మార్చే ఎంజైమ్ అక్కడే ఎక్కువ కాబట్టి. గుండె సరిగ్గా కొట్టనప్పుడు కూడా ముందు చచ్చిపోయేది అవే ఎందుకు? ఆక్సిజన్ అక్కడే తక్కువ కాబట్టి. ఈ జవాబులు బాణంలోనే ఉన్నాయి. సిలబస్‌లో ఈ ఒక్క బొమ్మ చేరిస్తే కాలేజీకి పైసా ఖర్చు లేదు.

ఈ బొమ్మ మన జిల్లాల పిల్లలకు ప్రత్యేకంగా ఎందుకు అవసరమో కూడా చెప్తాను. ఇటు నల్లగొండలోనైనా అటు పాలమూరులోనైనా కల్లు మన సంస్కృతిలో భాగం. గీత వృత్తి మీద బతికే కుటుంబాలు ఎన్నో. కల్లును చిన్నచూపు చూడాలని నేను ఎన్నడూ అనను. కానీ పొద్దంతా పొలంలోనో, సెంట్రింగ్ పనిలోనో కష్టపడి, సరిగ్గా తినకుండా, ఖాళీ కడుపుతో తాగే మనిషి కాలేయంలో ఏం జరుగుతుందో తెలియాలి. అప్పటికే గ్లైకోజెన్ తరిగిపోయి ఉంటుంది. కొత్త గ్లూకోజ్ తయారీ మీదే రాత్రంతా గడవాలి. ఆల్కహాల్ విరిగేటప్పుడు కాలేయ కణాల్లో ఎన్ఏడీహెచ్ అనే అణువు బాగా పెరిగి, లాక్టేట్‌ను గ్లూకోజ్ వైపు పోనివ్వదు. తయారీ దెబ్బతింటుంది, షుగర్ పడిపోతుంది. ఆ మనిషి గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ టాబ్లెట్లు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటుంటే ఇంకా ప్రమాదం. చెమటలు, వణుకు, తడబడే మాట, అర్థం లేని కోపం, చివరికి స్పృహ తప్పడం. ఇవన్నీ బయటికి మత్తులాగే కనిపిస్తాయి. "ఎక్కువ తాగిండు, పడుకోనియ్యండి" అని దుప్పటి కప్పి వదిలేస్తారు.

వదిలేయొద్దు. షుగర్ మందులు వాడే మనిషి తాగి తేడాగా ఉంటే ముందు గ్లూకోమీటరుతో చూడండి. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరో, ఆర్ఎంపీ దగ్గరో అది దొరకవచ్చు. మిషన్ లేకపోతే ఆగకండి. స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర కలిపిన నీళ్లు తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. కాస్త తేరుకున్నాడని ఇంటి దగ్గరే ఉంచుకోవద్దు. ఆ టాబ్లెట్ల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు. ఆయన వాడే గోలీల షీట్లు కూడా అంబులెన్సులో వెంట పంపించి, ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు తాగాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి.